బాలానగర్ షెడ్డులో నా ఆక్టావియా గేరుబాక్సు ట్యూనింగ్: 28 వేలకు తగ్గ పని జరిగిందా?

60లో నిదానంగా పోతున్న ఆటోమేటిక్ బండిని ఉన్నట్టుండి పూర్తిగా తొక్కితే ఏమవుతుంది? మొదట ఏమీ కాదు. గేరుబాక్సు నిద్రలేచి, ఇప్పుడు ఏ గేరు వేయాలబ్బా అని ఆలోచించుకుని, రెండు గేర్లు కిందికి దిగి, అప్పుడు గానీ మన వీపుని సీటుకి నొక్కదు. నాది 2017 స్కోడా ఆక్టావియా 1.8 టీఎస్ఐ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇప్పటికి 81 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ మీద ఏ కంప్లయింటూ లేదు, 180 పీఎస్ పవరు నాకు కావలసినదానికన్నా ఎక్కువే. నా గొడవంతా తొక్కడానికీ లాగడానికీ మధ్య ఉన్న ఆ ఖాళీతోనే.

ఆ ఖాళీని నేను భరించగలిగేవాణ్ణే, మా బావమరిది వెర్నా టర్బో కొనకపోయి ఉంటే. వాడిది 160 పీఎస్, నాకన్నా 20 తక్కువ. టార్క్, అంటే ఇంజిన్ లాగే బలం, మాత్రం 253 న్యూటన్ మీటర్లు, నాది 250, అంటే ఇద్దరిదీ ఒకటే అనుకోండి. సంక్రాంతికి విజయవాడ హైవే మీద రెండు బండ్లలో ఊరికి వెళ్తున్నాం. చౌటుప్పల్ దాటాక ముందున్న లారీ పక్కకు తప్పుకుంది, ఇద్దరం ఒకేసారి తొక్కాం, నా బండి ఆలోచిస్తూ ఉండగానే వాడు మూడు బండ్ల దూరం వెళ్లిపోయాడు. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు ఇడ్లీ తింటూ, "బావా, మీ బండికి ఒకసారి బీపీ చూపించండి" అన్నాడు. మా ఆవిడ నవ్వింది. అదే ఎక్కువ బాధేసింది.

ఇలా కదులుతూ మొదలయ్యే పోటీని కుర్రాళ్లు రోల్ రేస్ అంటారు. రెండు బండ్లూ 40లోనో 60లోనో పక్కపక్కన వస్తాయి, ఒకడు మూడు హారన్లు కొడతాడు, మూడోదానికి తొక్కాలి. ఆగి ఉన్న చోటి నుంచి మొదలయ్యే డ్రాగ్ రేసులో క్లచ్ ఎలా పట్టుకుంటుంది, టైర్లు ఎంత జారతాయి, లాంచ్ కంట్రోల్ ఉందా అన్నవి ముఖ్యం. రోల్‌లో వాటితో పెద్దగా పని లేదు, ఎందుకంటే క్లచ్ అప్పటికే పూర్తిగా పట్టుకుని ఉంటుంది, ముందు చక్రాల బండి కూడా 60లో పెద్దగా జారదు. మిగిలినవి మూడే: తొక్కే సమయానికి సరైన గేరులో ఉన్నామా, టర్బో అప్పటికి ఊపందుకుందా, ఆ తర్వాత గేర్లు ఎంత తొందరగా మారుతున్నాయి. అంటే మాన్యువల్ బండిలో డ్రైవరు చేతిలో ఉండే పని, ఆటోమేటిక్‌లో టీసీయూ అనే చిన్న కంప్యూటర్ చేతిలో ఉంటుంది. నేను ట్యూన్ చేయించింది దాన్నే.

రేసు మాట ఎత్తాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను, తర్వాత కామెంట్లలో అడగొద్దు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు, అదే ఓఆర్ఆర్ మీద రాత్రి పూట రోల్స్‌కి నేను వెళ్లను. 158 కిలోమీటర్ల రోడ్డు, ఎనిమిది లేన్లు, చూడటానికి రన్‌వేలా ఉంటుంది నిజమే, కానీ ఎడమ లేన్‌లో వెనక లైట్లు కూడా లేకుండా 40లో పోయే డీసీఎం ఒక్కటి చాలు. మోటారు వాహనాల చట్టంలో రోడ్డు మీద రేసులకని 189వ సెక్షన్ విడిగా ఉంది, 2019 సవరణలో శిక్ష కూడా పెంచారు. మన ఊళ్లో రోడ్డు మీద పోలీసులే దగ్గరుండి జరిపించిన పెద్ద రేసంటే 2023 ఫిబ్రవరి 11న నెక్లెస్ రోడ్డు వైపు జరిగిన ఫార్ములా ఈ. ఆ కరెంటు కార్లకు ఉన్నది ఒకే గేరు, మన ఈ తలనొప్పి వాళ్లకు లేనే లేదు.

మరి బావమరిదితో పోటీ ఎలా? ఓఆర్ఆర్‌లో కుడివైపు రెండు లేన్లలో 120 వరకు వెళ్లొచ్చు, 2023లో 100 నుంచి పెంచారు. కాబట్టి ఆదివారం పొద్దున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఒంటరిగా 60 నుంచి 120కి ఎంతసేపు పడుతుందో కొలుచుకుంటాం. వాడు ఒకరోజు, నేను ఒకరోజు, స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో. పక్కపక్కన రానే రాం. కొలవడానికి ఫోన్ యాప్‌ని నమ్మకండి, ఫోన్ జీపీఎస్ మామూలుగా సెకనుకు ఒకసారే లెక్క చెప్తుంది, మనం తేల్చుకోవాల్సింది అర సెకను. సెకనుకు పదిసార్లు కొలిచే చిన్న డబ్బా ఒకటి ఆఫీసులో ఫ్రెండ్ దగ్గర అప్పు తెచ్చాను.

ఇక షెడ్డు సంగతి. బాలానగర్ ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ల మధ్య ఒక సందు, దాని చివర రేకుల షెడ్డు. బోర్డు లేదు. పేరు రాయొద్దని ఆయనే అన్నాడు కాబట్టి నేనూ రాయట్లేదు. అందరూ ఉస్తాద్ అంటారు, యాభై దాటిన మనిషి, ముప్ఫయ్యేళ్లు అంబాసిడర్ నుంచి ఇన్నోవా దాకా గేరుబాక్సులు విప్పిన చేతులు. ల్యాప్‌టాప్ పనంతా ఆయన మేనల్లుడిది. ఏసీ రిసెప్షనూ, కాఫీ మిషనూ, గోడ మీద ఫారిన్ స్టిక్కర్లూ ఏమీ లేవు. కూర్చోవడానికి ఒక ఇన్నోవా వెనక సీటు ఉంది, విప్పి నేల మీద పెట్టింది. నిజం చెప్పాలంటే నాకు మొదట భయమేసింది.

భయానికి కారణం కూడా ఉంది. పోయిన ఏడాది ఇదే ఊళ్లో వేరే చోట, అక్కడ కాఫీ మిషన్ ఉంది లెండి, ఇంజిన్ రీమ్యాప్, అంటే సాఫ్ట్‌వేర్ ఫైలు మార్చి బలం పెంచే పని, చేయించాను. బండి గాల్లో తేలినట్టు పోయింది, సరిగ్గా నాలుగు నెలలు. తర్వాత ఒకరోజు నాలుగో గేరులో గట్టిగా తొక్కితే రెవ్, అంటే ఇంజిన్ తిరిగే వేగం, పైకి ఎగిరింది, స్పీడు మాత్రం పెరగలేదు. క్లచ్ జారడం అంటే అదే. అడిగితే "మీ డ్రైవింగ్ అలా ఉంది సార్" అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. క్లచ్ ప్యాక్ మార్చడానికి లక్ష పైన అయింది, ఫైలు తీయించి మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేయించుకున్నాను.

ఎందుకలా అయిందో ఉస్తాద్ రెండు నిమిషాల్లో చెప్పాడు. నా బండిలో ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, అందులో డ్రై క్లచ్ రకం. అంటే క్లచ్ ప్లేట్లు నూనెలో మునిగి ఉండవు, వేడి పోవడానికి గాలి తప్ప దిక్కు లేదు. ఆ గేరుబాక్సు తట్టుకునేలా కంపెనీ లెక్కగట్టిన టార్క్ 250 న్యూటన్ మీటర్లు. ఇంజిన్‌కి అంతకన్నా ఎక్కువ ఇచ్చే శక్తి ఉన్నా, గేరుబాక్సు కోసం దాన్ని 250 దగ్గర కట్టేశారు. నమ్మకం లేకపోతే సూపర్బ్ చూడండి: ఇదే 1.8 ఇంజిన్ మాన్యువల్‌తో వచ్చినప్పుడు 320, డీఎస్‌జీతో వచ్చినప్పుడు 250. పోయిన ఏడాది నాకు చేసిన పని ఆ కట్టు విప్పేయడం. గేరుబాక్సు గురించి ఎవరూ ఆలోచించలేదు, డబ్బులిచ్చిన నాతో సహా.

ఉస్తాద్ మొదటి ప్రశ్న, "సార్, రేసుకా, ఆఫీసుకా?" రెండింటికీ అన్నాను. "అయితే టార్క్ ముట్టుకోను. గేరు పడే టైము తగ్గిస్తా. ఒప్పుకుంటే చేస్తా, లేకపోతే చాయ్ తాగి వెళ్లండి." వర్క్‌షాపులో ఒకడు నా డబ్బు వద్దనడం అదే మొదటిసారి, అక్కడే సగం పడిపోయాను.

ఆలస్యం ఎక్కడ పుడుతుందో అర్థమైతే పని ఏమిటో అర్థమవుతుంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. ఈ గేరుబాక్సులో రెండు క్లచ్‌లు. ఒకదాని మీద బేసి గేర్లు, అంటే 1, 3, 5, 7. రెండోదాని మీద సరి గేర్లు, రివర్స్. మీరు 5లో మెల్లగా పోతుంటే, వీడు ఇంకాసేపట్లో పైకే వెళ్తాడని ఊహించి 6ని ముందే తగిలించి పెట్టుకుంటుంది. నిజంగా పైకే వెళ్తే మార్పు రెప్పపాటులో అయిపోతుంది, డీఎస్‌జీకి అంత పేరు రావడానికి కారణం అదే. కానీ మీరు ఊహకు విరుద్ధంగా తొక్కారు. ఇప్పుడు దానికి 3 కావాలి. 3 ఉన్నది 5 ఉన్న క్లచ్ మీదే, ఒకే క్లచ్ మీద ఉన్న రెండు గేర్ల మధ్య నేరుగా చకచకా దూకడం కుదరదు, 6ని విడిపించి, 4ని తగిలించి, దాని మీదుగా 3కి రావాలి, లేదా క్లచ్ వదిలి గేరు మార్చి మళ్లీ పట్టుకోవాలి. ఈలోగా టర్బో కూడా చల్లబడి కూర్చుని ఉంటుంది. నా బావమరిది మూడు బండ్ల దూరం వెళ్లిపోయింది ఈ తతంగం జరుగుతున్నప్పుడే.

మేనల్లుడు ఏం చేశాడంటే, మామూలుగా నడిపే డీ మోడ్‌ని దాదాపుగా అలాగే వదిలేశాడు, ఇంట్లో వాళ్లు నడిపేది అందులోనే కదా. ఎస్ మోడ్‌ని, అంటే స్పోర్ట్ మోడ్‌ని మార్చాడు. 50కీ 80కీ మధ్య కాలు నిలకడగా ఉంటే బండి ఇప్పుడు 3ని వదలదు, రెవ్ మూడు వేల పైనే ఉంటుంది, టర్బో మేలుకునే ఉంటుంది. పెడల్‌ని ఎంత లోపలికి, ఎంత వేగంగా తొక్కితే గేరు దిగాలన్న లెక్క మార్చాడు. పైగేరు పడేటప్పుడు ఇంజిన్ టార్క్‌ని కాసేపు తగ్గించే పద్ధతి ఉంటుంది, గేరుబాక్సుకి దెబ్బ తగలకుండా. ఆ తగ్గించే సమయాన్ని కొంచెం కుదించాడు. క్లచ్ నొక్కే ఒత్తిడి కొద్దిగా పెంచాడు, టార్క్ హద్దు మాత్రం 250 దగ్గరే. మాన్యువల్ మోడ్‌లో రెడ్‌లైన్ (రెవ్‌కి ఆఖరి హద్దు) దగ్గర దానంతట అదే పైగేరుకి పోవడాన్ని తీసేయమని అడిగాను, రేసు వాళ్లంతా అదే అడుగుతారట. కుదరదన్నాడు. "మీరు మీటర్ చూస్తారా, రోడ్డు చూస్తారా?" సమాధానం లేదు నా దగ్గర.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాక, అదే ఫ్లాష్ చేశాక, పని అయిపోదు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో గేరుబాక్సు మళ్లీ నేర్చుకోవాలి, అడాప్టేషన్ అంటారు. స్కానర్ పెట్టి ముందు బేసిక్ సెట్టింగ్ నడిపించారు, తర్వాత ఉస్తాద్ స్వయంగా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఐడీపీఎల్ వైపు అరగంట నడిపాడు, మేనల్లుడు వెనక సీట్లో ల్యాప్‌టాప్‌తో క్లచ్ వేడి చూస్తూ. చాలామంది ఈ పని ఎగ్గొట్టి "రెండు రోజులు నడపండి, అదే సెట్ అవుతుంది" అని పంపించేస్తారు. గేర్ ఆయిల్ కూడా మార్చారు. ఈ గేరుబాక్సులో గేర్ల నూనె వేరు, గేర్లు మార్చే యంత్రాంగమైన మెకట్రానిక్స్ నూనె వేరు, రెండూ ఒకటే అనుకునే మెకానిక్ దగ్గర నుంచి బండి తీసుకుని పారిపోండి.

సరే, ఫలితం. ట్యూనింగ్‌కి ముందు డీ మోడ్‌లో 60 నుంచి 120కి 7.6 సెకన్లు. ట్యూనింగ్ తర్వాత ఎస్ మోడ్‌లో 6.5. మొత్తం 1.1 సెకన్లు, టార్క్ ఒక్క పాయింట్ కూడా పెంచకుండా. కానీ ఇక్కడ ఒక నిజం చెప్పాలి, షెడ్డు వాళ్లకు నచ్చకపోయినా. ట్యూనింగ్‌కి ముందు అదే బండిని ఎస్ మోడ్‌లో పెట్టి, ముందే స్టీరింగ్ వెనక ఉండే గేరు మీట, అదే ప్యాడిల్‌తో 3కి దింపుకుని కొలిస్తే 7.0 వచ్చింది. అంటే 0.6 సెకన్లు నాకు ఉచితంగానే దొరికేవి, నేనే ఇన్నాళ్లూ వాడలేదు. 28 వేలు పెట్టి కొన్నది మిగతా 0.5. మీరు ముందు ఆ ఉచితం వాడి చూడండి, అది చాలనిపిస్తే బాలానగర్ దాకా వెళ్లక్కర్లేదు.

నాకు ఆ 0.5 కన్నా ఎక్కువ నచ్చింది రోజువారీ తేడా. పీవీఎన్ఆర్ ఎక్స్‌ప్రెస్‌వే మీద నుంచి ఆరాంఘర్ దగ్గర దిగి శంషాబాద్ రోడ్డు ట్రాఫిక్‌లో కలిసేటప్పుడు, మొన్నటిదాకా బస్సు ముందు దూరాలంటే గుండె ఆగేది, తొక్కాక బండి వస్తుందో రాదో తెలియక. ఇప్పుడు కాలు కదిలితే బండి కదులుతుంది. పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది గానీ పెరగలేదు, ఆలస్యం తగ్గింది.

ఇప్పుడు తిట్టాల్సినవి. గురువారం ఇస్తామన్న బండి తొమ్మిదో రోజుకి ఇచ్చారు. రోజూ ఫోన్ చేస్తే "రేపు పక్కా సార్". తొమ్మిది రోజులూ నేను ఆఫీసుకి మెట్రోలో వెళ్లాను, రాయదుర్గంలో దిగి ఆటో వాడితో గొడవలు, ఆ ఖర్చు ఎవరిస్తారు? బిల్లు తెల్ల కాగితం మీద రాసిచ్చారు. మా ఒరిజినల్ ఫైలు కాపీ అడిగితే మొదట "మా దగ్గర ఉంటుంది లెండి" అన్నారు, పట్టుబడితే పెన్ డ్రైవ్‌లో ఇచ్చారు. అది మీ బండి సొత్తు, అడిగి తీసుకోండి, రేపు షెడ్డు మూసేస్తే ఎక్కడ వెతుకుతారు?

అసలు తప్పు ఇంకోటి. మొదటి వారం బండి ట్రాఫిక్‌లో 2 నుంచి 1కి దిగేటప్పుడు ఝట్కా ఇచ్చేది. మూసాపేట సిగ్నల్ దగ్గర మా ఆవిడ ఒళ్లో ఉన్న సాంబారు డబ్బా మూత ఊడింది, ఆ మధ్యాహ్నం నేను ఇంట్లో ఏం విన్నానో రాయను. క్లచ్ ఒత్తిడి పెంచినప్పుడు తక్కువ స్పీడులో పట్టు మరీ గట్టిగా పడిందట. తీసుకెళ్తే డబ్బులడగకుండా ఫైలు మార్చి, మళ్లీ అడాప్టేషన్ చేసి, రెండు గంటల్లో ఇచ్చారు. ఇప్పుడు లేదు. కానీ ఇది మొదటిసారే ట్రాఫిక్‌లో నడిపి చూసుకోవాల్సింది, ఐడీపీఎల్ ఖాళీ రోడ్డు మీద కాదు. హైదరాబాద్‌లో బండి బతికేది బయోడైవర్సిటీ జంక్షన్‌లో, అక్కడ పరీక్ష పెట్టాలి.

దాంతోపాటు ఇంకో మాట. డ్రై క్లచ్‌ని చంపేది రేసు కాదు, ట్రాఫిక్. ముందు బండి అడుగు కదిలితే మనమూ అడుగు కదలడం, బ్రేకు కొద్దిగా వదిలి పాకించడం, ఆ ప్రతి అడుగులో క్లచ్ సగం పట్టుకుని రాసుకుంటూ ఉంటుంది. ఏప్రిల్, మే ఎండలో అమీర్‌పేట దగ్గర అరగంట అలా పాకితే ఏ ట్యూనింగూ కాపాడదు. ముందు కాస్త ఖాళీ రానిచ్చి ఒకేసారి కదలండి. వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టనివ్వండి.

క్లచ్‌కి బదులు నూనె ద్వారా శక్తి అందించే టార్క్ కన్వర్టర్ బండ్ల వాళ్లు, అంటే పోలో 1.0 టీఎస్ఐ ఆరు గేర్ల ఆటోమేటిక్ లాంటివి ఉన్నవాళ్లు, ఈ లెక్కంతా తమకు వర్తిస్తుందనుకోకండి. అక్కడ ఆలస్యం వేరే చోట పుడుతుంది: తొక్కగానే కన్వర్టర్ లాక్ వదిలేస్తుంది, కాసేపు నూనెలో జారి మళ్లీ పట్టుకుంటుంది. ట్యూనర్ ముట్టుకునేది లాక్ ఎప్పుడు పడాలి, లోపలి నూనె ఒత్తిడి (లైన్ ప్రెషర్) ఎంత ఉండాలి, ఏ స్పీడులో ఏ గేరు అన్నవి. అక్కడ నూనె వేడే శత్రువు, ఏటీఎఫ్ అనే ఆ గేరుబాక్సు నూనె నల్లబడి ఉంటే ముందు అది మార్చాకే సాఫ్ట్‌వేర్ మాట. ఏఎంటీ, అంటే మాన్యువల్ గేరుబాక్సునే యంత్రంతో మార్పించే బండ్ల వాళ్లు ఫోన్ చేస్తే ఉస్తాద్ నవ్వుతాడట, నేను చూడలేదు.

వారంటీలో ఉన్న బండికి మాత్రం ఈ జోలికి వెళ్లకండి. ఫోక్స్‌వాగన్ గ్రూపు బండ్లలో సాఫ్ట్‌వేర్ మార్చినట్టు దొరికితే కంపెనీ సిస్టమ్‌లో టీడీ1 అని ముద్ర పడుతుంది, తర్వాత ఇంజిన్, గేరుబాక్సు క్లెయిముల మీద ఆశ వదులుకోవడమే. ఒరిజినల్ ఫైలు తిరిగి వేసుకుని వెళ్తే తెలియదులే అనుకునేవాళ్లున్నారు. కంట్రోలర్‌ని ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో అందులోనే లెక్క ఉంటుంది.

నా మార్కులు 5కి 4. పోయిన ఒకటి తొమ్మిది రోజులకీ సాంబారుకీ.

6.5 స్క్రీన్‌షాట్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. వెర్నాది 6.8. రెండు రోజులు గ్రూపులో బావమరిది అలికిడి లేదు, గుడ్ మార్నింగ్ ఫొటో కూడా పెట్టలేదు. మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్: "బావా, ఆ బాలానగర్ ఆయన నంబర్ ఒకసారి పంపిస్తారా, ఊరికే." పంపించాను. వాడు శనివారం సెలవు పెట్టి మరీ వెళ్లాడు. ఉస్తాద్ బండి బానెట్ కూడా ఎత్తలేదట, ఆర్సీ చూసి, "వారంటీ అయ్యాక రా బాబూ" అని చాయ్ తాగించి పంపించేశాడు.